ఇల్లడ కాచేవారి నిత్యకర్మ

ఒకరు నమ్మి అప్పగించిన సొమ్మును మరొకరు తమ ఇంట దాచి ఉంచగా దాన్ని దొంగ ఎత్తుకుపోతే, పోయిన సొమ్ముకు దాచినవాడు జవాబుదారీ అవుతాడా కాడా అన్న ప్రశ్న ధర్మశాస్త్రాల్లో చాలా పాతది. అలా అప్పగించిన సొమ్మును స్మృతులు నిక్షేపమనీ, మూసి ముద్ర వేసి లోపల ఏముందో చెప్పకుండా ఇచ్చినదాన్ని ఉపనిధి అనీ పిలిచాయి. తెలుగులో దానికి ఇల్లడ అన్న పేరుంది. మనుస్మృతీ యాజ్ఞవల్క్య స్మృతీ ఈ విషయంలో దాచినవాడి పట్ల దయగానే ఉన్నాయి. దొంగలు దోచినా, నీట కొట్టుకుపోయినా, నిప్పుకు ఆహుతైనా, రాజు లాక్కున్నా అతడు తిరిగి ఇవ్వనక్కరలేదు. అయితే ఆ మినహాయింపు ఊరికే దక్కేది కాదు: ఇల్లడలోంచి అతడు తన కోసం ఏమీ వాడుకొని ఉండకూడదు, యజమాని వచ్చి అడిగినప్పుడు ఇవ్వక జాప్యం చేసి ఆ తర్వాత పోగొట్టుకొని ఉండకూడదు. యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలం వాడు. నేటి కరీంనగర్ ప్రాంతం కూడా అప్పట్లో ఆ చాళుక్యుల ఏలుబడిలోనే ఉండేది. మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరము పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చినందువల్ల, సంస్కృతం రాని తెలుగువారికి కూడా ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం అనే మూడు కాండల విభజన పరిచయమైంది. గోదావరి తీరపు ముస్లిం కుటుంబాలకు అమానత్ అన్న భావన ఇదే బాధ్యతను గుర్తుచేస్తుంది. అప్పగించినదాన్ని హక్కుదారుకు అప్పగించమని ఖురాన్ ఆజ్ఞాపిస్తుంది.

ఈ పాత ప్రశ్న ఇప్పుడు కొత్త రూపంలో తిరిగి వచ్చింది. 2016లో పలు జిల్లాలుగా విడిపోయిన పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో నేడు ఒక రైతు కుటుంబం తన బతుకులో ఎంత భాగాన్ని కనబడని ఇల్లడగా ఇతరుల చేతిలో పెట్టిందో లెక్కిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పొదుపు ఖాతా బ్యాంకు సర్వర్లో ఉంటుంది, పంట రుణం ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం పద్దులో ఉంటుంది, మోటారు కనెక్షన్ వివరాలు విద్యుత్ సంస్థ దగ్గర ఉంటాయి, భూమి హక్కు రెవెన్యూ శాఖ పోర్టల్లో ఒక వరుసగా ఉంటుంది. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలైన పోడు పట్టాల పంపిణీలో పట్టా అందుకున్న గిరిజన కుటుంబం చేతికి వచ్చింది కాగితమే అయినా, ఆ కాగితం తర్వాతి తరంలో చెల్లుబాటు కావాలంటే కార్యాలయంలోని నమోదు చెక్కుచెదరకుండా ఉండాలి. పాత కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథ రెడ్డి నాయకత్వంలో మొదలై దేశమంతటా పేరు తెచ్చుకున్న సహకార సంఘం నిలబడింది ఒకే ఒక్క పునాది మీద: సంఘం పుస్తకంలో రాసింది నిజమని సభ్యుడు నమ్మడం. అలాంటి పుస్తకం దేశమంతటా కంప్యూటర్‌లోకి మారుతున్నది. 2022లో కేంద్ర ప్రభుత్వం 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించినప్పుడు, ఇల్లడను కాచే గది ఊరి సంఘం భవనం నుంచి ఊరికి కనబడని చోటికి మారింది.

ఆ గదిలోకి దొంగలు రావడం ఊహ కాదు. 2019 ఏప్రిల్ చివర తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్ వ్యవస్థలు రాన్సమ్‌వేర్ బారిన పడ్డాయి. రాన్సమ్‌వేర్ అంటే కంప్యూటర్‌లోని ఫైళ్లను తాళంచెవి లేకుండా చదవలేని గూఢలిపిలోకి మార్చి, ఆ చెవి కావాలంటే డబ్బు చెల్లించమని బెదిరించే ప్రోగ్రాం. హనుమకొండ కేంద్రంగా కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు కరెంటు పంపిణీ చేసే ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ వెబ్‌సైటు కూడా అప్పుడు దెబ్బతిన్నవాటిలో ఉంది. ఆన్‌లైన్‌లో బిల్లు కట్టే దారి మూసుకుపోయింది. విడిగా దాచిన నకళ్లు, అంటే బ్యాకప్‌లు, ఉండబట్టి సేవలను తిరిగి నిలబెట్టగలిగారు. దీపాలు వెలుగుతూనే ఉండటం వల్ల కాబోలు, ఆ సంఘటనను ప్రజలు త్వరగా మరిచిపోయారు. నిజానికి అది మరిచిపోదగినది కాదు. లక్షల ఇళ్ల లెక్క ఒక అపరిచితుడి గూఢలిపిలో చిక్కుకున్న సమయమది.

ఇక్కడ మొదటి ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది. దాడికి గురైన సంస్థ తాను కూడా బాధితుడినే అంటుంది, ఆ మాట అబద్ధం కాదు. దొంగ దోచితే దాచినవాడికి బాధ్యత లేదన్న స్మృతివాక్యం ఆ సంస్థకు వర్తిస్తుందా? వర్తిస్తుందో లేదో తేల్చడానికి ధర్మశాస్త్రాల్లోనే ప్రసిద్ధమైన ఒక విభజన పనికివస్తుంది. ఇల్లడను తానే వాడేసుకున్నవాడు వడ్డీతో సహా ఇవ్వాలి. ఉపేక్షించి పోగొట్టినవాడు పోయినంతకు సమానంగా ఇవ్వాలి. తెలియక పోగొట్టినవాడు దానికంటే కొంచెం తక్కువ ఇవ్వాలి. ఇందులో రెండోదైన ఉపేక్ష అంటే ప్రమాదం ఉందని కనిపిస్తున్నా చూస్తూ ఊరుకోవడం. దొంగ వచ్చాడన్న ఒక్క కారణంతో ఉపేక్ష మాఫీ కాదు. దొంగ రాకముందు దాచినవాడు ఏం చేస్తున్నాడన్నదే అసలు విచారణ.

2017 మే 12న ప్రపంచమంతటా వ్యాపించిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్‌ను ఈ కొలతతో చూడవచ్చు. అది దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ, తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయ పనులకు వాడే కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది చొరబడిన లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. విండోస్ ఎక్స్‌పీ లాంటి పాత రకాలకైతే 2014లోనే మద్దతు ఆగిపోయింది. అంటే ఎక్కువ చోట్ల దొంగ గోడకు కన్నం వేయలేదు, రెండు నెలలుగానో మూడేళ్లుగానో గడియ వేయని తలుపు గుండా వచ్చాడు. హైదరాబాద్‌లోని ఏపీ మహేష్ సహకార అర్బన్ బ్యాంకులో 2022 జనవరిలో 12.48 కోట్ల రూపాయలు దోచుకున్నవారు ఉద్యోగులకు నమ్మించే ఈమెయిళ్లు పంపి, వాటిని తెరిచిన కంప్యూటర్ల గుండా లోపలికి చేరారు. బ్యాంకు సైబర్ భద్రతా నిబంధనలు పాటించలేదని రిజర్వు బ్యాంకు 2023లో 65 లక్షల రూపాయల జరిమానా విధించింది. రిజర్వు బ్యాంకు అధికారులు మితాక్షర చదివి ఉండకపోవచ్చు, కానీ వారు చేసింది ఆ వర్గీకరణే: దొంగతనం వేరు, ఉపేక్ష వేరు, మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది అబద్ధం కాదు.

అయితే జాగ్రత్త అనేది ఎలాంటి కర్మ అన్న ప్రశ్న ఇంకా లోతైనది, ఈ విషయంలో మీమాంసకుల ఆలోచన నేటికీ చాలా ఉపయోగపడుతుంది. వేదం విధించిన కర్మలను వారు విభజించినప్పుడు, ఒక కోరిక తీరడం కోసం చేసేదాన్ని కామ్యకర్మ అన్నారు, గ్రహణం, జననం వంటి నిమిత్తం వచ్చినప్పుడు చేసేదాన్ని నైమిత్తికం అన్నారు, సంధ్యావందనంలా ప్రతి రోజూ చేసి తీరవలసినదాన్ని నిత్యకర్మ అన్నారు. నిత్యకర్మకు ఒక విచిత్ర స్వభావం ఉంది. అది చేస్తే స్వర్గమో ధనమో వస్తుందన్న హామీ లేదు. చేయకపోతే మాత్రం ప్రత్యవాయం, అంటే కీడు, కలుగుతుంది. ఫలమే లేని పనిని తెలివైనవాడు ఎందుకు చేస్తాడని ప్రశ్నించినవారికి ఒక జవాబు ప్రాగభావ పరిపాలనం అన్న మాటలో ఉంది. ఒక వస్తువు పుట్టకముందు ఉండే దాని లేమిని తార్కికులు ప్రాగభావం అంటారు. దానికి మొదలు ఉండదు కానీ వస్తువు పుట్టగానే అది ముగుస్తుంది. కీడు ఇంకా పుట్టలేదు. అది పుట్టని స్థితిని అలాగే కాపాడుకుంటూ రావడమే నిత్యకర్మకు ఫలం.

సైబర్ భద్రత కోసం రోజూ చేసే పనికి ఇంతకంటే సరిపోయే వర్ణన దొరకడం కష్టం. ప్రతి రాత్రి నకలు తీయడం, వచ్చిన అప్‌డేట్‌ను వచ్చిన వారంలోనే వేయడం, ఉద్యోగం మానేసినవారి ప్రవేశాన్ని అదే రోజు రద్దు చేయడం, ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో నమోదు చేసే లాగ్‌లను చదవడం అనే ఈ పనుల వల్ల ఏ సంస్థకూ లాభం పెరగదు, ఏ అధికారికీ సన్మానం జరగదు. 2021 మార్చిలో విదేశీ హ్యాకర్ల కదలికల గురించి సెర్ట్-ఇన్, అంటే కంప్యూటర్ దాడుల విషయంలో దేశానికి అత్యవసర స్పందన బాధ్యత వహించే కేంద్ర ప్రభుత్వ సంస్థ, తెలంగాణ విద్యుత్ సంస్థలను హెచ్చరించినప్పుడు, ఇంజినీర్లు అనుమానాస్పద చిరునామాలను అడ్డగించారు, పాస్‌వర్డ్‌లు మార్చారు. ఆ తర్వాత ఏమీ జరగలేదు. 2,600 మెగావాట్ల ఎన్‌టీపీసీ కేంద్రమున్న రామగుండం నుంచి ఉట్నూరు ఏజెన్సీ గూడేల దాకా కరెంటు తీగలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న ప్రాంతానికి ఆ ఏమీ జరగకపోవడమే అందిన ఫలం. అది పత్రికలో శీర్షిక కాదు, వార్షిక నివేదికలో పట్టిక కాదు. అందుకే బడ్జెట్ కోత పడినప్పుడు మొదట కత్తెర పడేది కూడా దానికే. గత ఏడాది ఏ దాడీ జరగలేదు కాబట్టి ఈ ఖర్చు అనవసరమని వాదించే నిర్వాహకుడు, సంధ్యావందనానికి ఫలం కనబడలేదని మానేసినవాడి తర్కాన్నే అనుసరిస్తున్నాడు, కానీ అతడు మానేది తన సంధ్య కాదు, ఇతరులది.

ఈ వాదానికి శంకరాచార్యులు లేవనెత్తిన ఆక్షేపణను దాటవేయడం న్యాయం కాదు. తైత్తిరీయోపనిషద్భాష్యంలోనూ గీతాభాష్యంలోనూ ఆయన అడిగేది ఇది: నిత్యకర్మ చేయకపోవడం ఒక అభావం, అంటే లేమి, లేమి నుంచి కీడు అనే ఉన్న వస్తువు ఎలా పుడుతుంది? అసత్తు నుంచి సత్తు పుట్టదు కదా. ఆయన పరిష్కారం ప్రకారం, చేయకపోవడం కీడుకు కారణం కాదు, అంతకుముందే పేరుకొని ఉన్న దోషానికి అది లక్షణం, గుర్తు. కర్మకాండకు సంబంధించిన ఆ వివాదంలో ఎవరిది సరైన పక్షమన్నది అలా ఉంచితే, దాడికి గురైన సంస్థల విషయంలో ఈ భేదం ఎంతో న్యాయమైన దృష్టినిస్తుంది. అప్‌డేట్ వేయకపోవడం దాడిని పుట్టించలేదు. దాడిని పుట్టించింది దురాశతో, బుద్ధిపూర్వకంగా ఆ పని చేసిన మనిషి. పాపానికి కర్త దొంగే, ఆ స్థానం నుంచి అతన్ని ఎవరూ తప్పించకూడదు. బాధితులను చూసి అది మీ కర్మ అనేవారు కర్త ఎవరో మరిచిపోతున్నారు. కానీ వేయని అప్‌డేట్ ఒక గుర్తు: ఆ సంస్థలో ఇతరుల ఇల్లడ పట్ల శ్రద్ధ ఎన్నాళ్లుగానో సన్నగిల్లుతూ వచ్చిందనీ, ఎవరి పని ఏదో తేల్చలేదనీ, అడిగేవారు లేరనీ తెలిపే గుర్తు. దాడి తర్వాత విచారణ చేసేవారు ఆ ఒక్క కంప్యూటర్ దగ్గర ఆగిపోకుండా ఆ గుర్తు దేన్ని చూపుతోందో వెతకాలి.

కోలుకోవడం గురించి మాట్లాడేముందు పోయినది ఏ రకంగా పోయిందో తెలుసుకోవాలి. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెప్పిన నాలుగు అభావాల్లో ప్రధ్వంసాభావం ఒకటి: వస్తువు నశించాక కలిగే లేమి, దానికి మొదలుంది కానీ అంతం లేదు. పగిలిన కుండ మళ్లీ అదే కుండ కాదు. రాన్సమ్‌వేర్ చేసే నష్టం మొదట చూపుకు ఇలాగే కనిపించినా, నకలు ఉన్న సంస్థకు అది ధ్వంసం కాదు, సాంఖ్యులు తిరోభావం అనే మరుగుపడటం మాత్రమే. మరుగుపడినది మళ్లీ బయటికి తేవచ్చు. నకలు లేని సంస్థకు అదే సంఘటన ప్రధ్వంసం. ఒకే దెబ్బ ఒకరికి మరుగు, మరొకరికి నాశనం కావడానికి కారణం దెబ్బలో లేదు, దానికి ముందరి రాత్రుల్లో ఉంది.

కానీ రహస్యం బయటపడటం అన్నది ఈ రెండింటికంటే వేరైన నష్టం. 2024లో తెలంగాణలో ప్రజలు ఆపదలో వాడే హాక్‌ఐ, పోలీసులు వాడే టీఎస్‌కాప్ యాప్‌ల నుంచి సమాచారం చోరీ అయినప్పుడు పోలీసుల దగ్గర ఉన్న సమాచారం ఎక్కడికీ పోలేదు, ఒక నకలు మాత్రం అనర్హుల చేతికి చేరింది. జూన్‌లో ఒక విద్యార్థిని అరెస్టు చేశారు కూడా. ఇలాంటి చోట ఇల్లడ వస్తువు కాదు, గోప్యత. ఆపదలో తోడుకోసం తన ఫోన్ నంబరు, చిరునామా ఇచ్చిన స్త్రీ పోలీసుల దగ్గర దాచుకున్నది ఆ వివరాలను కాదు, అవి ఇతరులకు తెలియవన్న నిశ్చింతను. నిశ్చింతను ఏ నకలూ తిరిగి తేలేదు. నిక్షేపాన్ని ఇచ్చిన రూపంలోనే, వేసిన ముద్రతోనే తిరిగివ్వాలని మనువు చెప్పాడు; ముద్ర పగిలిన తర్వాత వస్తువు అక్కడే ఉన్నా నిక్షేపం తిరిగి చేరినట్టు కాదు. అందువల్ల కోలుకోవడం అన్న మాటను సంస్థలు పొదుపుగా వాడాలి: వెబ్‌సైటు మళ్లీ తెరుచుకోవడం సంస్థ కోలుకోవడమే, ప్రజలు కోలుకోవడం కాదు.

నకలు విషయంలో ఈ ప్రాంతానికి తనదైన పాఠం ఉంది. గోదావరి ఒడ్డున మంథనిలో వేదాధ్యయనం తరతరాలుగా సాగింది. పదాలను ముందుకూ వెనక్కూ మెలివేసి జట, ఘన వంటి పాఠాలుగా వల్లించే పద్ధతి వల్ల ఒక్క స్వరం తప్పినా వెంటనే తెలిసిపోతుంది. ఆదిలాబాద్ గోండులలో వంశచరిత్రలనూ దేవతల కథలనూ భద్రపరిచేది పర్ధానులు. కిక్రి అనే తంత్రీవాద్యం మీద వారు ఆ కథలను క్రతువు జరిగే చోట పాడతారు. ఆ కథలను 1940లలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రాసుకొని 1948లో తన గ్రంథంలో అచ్చువేయడం మేలే చేసింది, కానీ వాటిని బతికించింది ఆ పుస్తకం కాదు, వాటిని అసలు సందర్భంలో మళ్లీ మళ్లీ పాడటం. రెండు సంప్రదాయాలకూ తెలిసిన సంగతి ఒక్కటే: నకలు ఉండటం వేరు, నకలు నుంచి మూలాన్ని నిలబెట్టగలగడం వేరు. ఏళ్ల తరబడి బ్యాకప్ తీస్తూ వచ్చి, దాని నుంచి ఒక్కసారి కూడా తిరిగి నిలబెట్టి చూడని సంస్థ అటకెక్కిన తాళపత్రాన్ని చూపి తనకు వేదం వచ్చనే వాడితో సమానం. పైగా ఆ నకలు అదే నెట్‌వర్క్‌కు కలిపి ఉంటే దొంగ మూలంతో పాటు దానికీ తాళం వేస్తాడు, కాబట్టి కనీసం ఒక నకలు తీగకు దూరంగా ఉండాలి.

దాడి జరిగిన తర్వాత ఎదురయ్యే ప్రశ్నల్లో మనసును ఎక్కువగా నలిపేది దొంగ అడిగిన డబ్బు ఇవ్వవచ్చా అన్నది. మహాభారతం శాంతిపర్వంలో ఆపద్ధర్మానికి ఒక పెద్ద భాగమే ఉంది; ప్రాణాపాయంలో మామూలుగా నిషిద్ధమైనవి కూడా అనుమతమవుతాయని అందులో భీష్ముడు ఒప్పుకుంటాడు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు స్తంభించినప్పుడు సుమారు రెండు వారాల పాటు రోగుల నమోదును చేతిరాతతో నడిపించవలసి వచ్చింది. చేతిరాత సిబ్బందికి ఇంకా గుర్తుండటమే ఆ ఆసుపత్రిని నిలబెట్టింది. అలాంటి దారి కూడా లేని చిన్న ఆసుపత్రి, రోగుల ప్రాణాల కోసం డబ్బు ఇచ్చిందంటే దాన్ని ఖండించడం కష్టం. కానీ ఆ డబ్బు తర్వాతి ఆసుపత్రి మీద దాడికి పెట్టుబడి అవుతుందన్న నిజం కూడా చెరిగిపోదు. తాళంచెవి ఇస్తానన్న దొంగ మాట మీద నమ్మకం పెట్టడానికి ఆధారమూ లేదు. ఇక్కడ సిద్ధపాటుకు ఉన్న అసలు నైతిక విలువ కనిపిస్తుంది. సిద్ధంగా ఉన్నవాడికి కాదనే స్వాతంత్ర్యం ఉంటుంది, సిద్ధంగా లేనివాడికి రెండు అధర్మాల మధ్య ఎంపిక మాత్రమే మిగులుతుంది. ఆపద్ధర్మం ఆపదలో చిక్కినవాడికి ఊరట, ఆపదకు తలుపు తెరిచి పెట్టినవాడికి ముందస్తు అనుమతి కాదు.

ఇక ప్రాయశ్చిత్తం. పాపి పాపం నుంచి విడివడే మార్గాలను చెబుతూ మనువు ఖ్యాపనాన్ని, అంటే చేసిన తప్పును నోరు తెరిచి చెప్పడాన్ని, అన్నిటికంటే ముందు ఉంచాడు. అనుతాపం, తపస్సు, దానం వంటివి ఆ తర్వాత వస్తాయి. దాడికి గురైన సంస్థలు ఎక్కువగా విఫలమయ్యేది ఈ మొదటి మెట్టు మీదే. పరువు పోతుందని, డిపాజిట్లు వెనక్కి తీసుకుంటారని, పై అధికారి కోప్పడతారని విషయాన్ని దాచిపెడతారు. ధర్మశాస్త్రంలో రహస్య ప్రాయశ్చిత్తం కూడా ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. ఉంది, కానీ అది దోషం చేసినవాడికి తప్ప మరెవరికీ తెలియని పాపానికే, లోకానికి తెలిసినదానికి పరిషత్తు, అంటే విద్వాంసుల సభ, నిర్ణయించిన వ్రతమే చేయాలి. సమాచారం చోరీ అయినప్పుడు ఆ రహస్యం మొదటే దొంగకు తెలుసు, అతని నుంచి కొన్నవాడికీ తెలుసు. తెలియనిది సొమ్ము ఎవరిదో వారికి మాత్రమే. అలాంటి మౌనాన్ని ఏ స్మృతీ సమర్థించదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాలు సైబర్ సంఘటనను గుర్తించిన ఆరు గంటల్లో తెలియజేయాలనీ, లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలనీ విధించాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఒక అడుగు ముందుకు వేసి, సమాచారం ఎవరిదో వారికి కూడా చెప్పితీరాలంది. తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించవచ్చంది. ఆరు గంటల గడువు కఠినమని సంస్థలు ఫిర్యాదు చేశాయి. అయితే ఖ్యాపనం తీర్పు కాదు, తెలిసినంత వరకు చెప్పడం. మొత్తం తెలిసిన తర్వాతే చెబుతామనేవారు సాధారణంగా ఎప్పటికీ చెప్పరు.

ఆ ఆరు గంటలు ఎక్కడ ఖర్చవుతాయో గమనిస్తే మరొక ధర్మసూక్ష్మం బయటపడుతుంది. నకిలీ ఈమెయిలును తెరిచిన గుమాస్తాకు, తెరిచిన కాసేపటికే ఏదో తేడాగా ఉందని అనుమానం వస్తుంది. అతడు వెంటనే లేచి చెప్పగలిగితే ఒక కంప్యూటర్ తీగ పీకేయడంతో సరిపోవచ్చు. చెబితే ఉద్యోగం పోతుందనే భయం ఉన్న చోట అతడు తలవంచుకొని పని చేసుకుంటూ పోతాడు, దొంగ ఒక గది నుంచి మరొక గదికి నడుస్తాడు. తెలిసి చేసిన తప్పునూ తెలియక చేసిన తప్పునూ బుద్ధిపూర్వకం, అబుద్ధిపూర్వకం అని విడదీసి రెండోదానికి తక్కువ ప్రాయశ్చిత్తం చెప్పిన స్మృతికారులు మనిషి స్వభావాన్ని బాగా ఎరిగినవారు. మోసపోయినవాడిని మోసగాడితో సమానంగా శిక్షించే సంస్థలో నిజం పైకి రాదు. అలాగని క్షమ అంటే విచారణ మానేయడం కాదు; చెప్పినవాడిని క్షమించాలి, దాచినవాడిని అడగాలి, పదేళ్ల నాటి యంత్రాన్ని మార్చమని రాసిన కాగితాన్ని పక్కన పెట్టినవాడిని మరింత గట్టిగా అడగాలి.

ఇదంతా పెద్ద సంస్థలకు చెప్పవలసిన మాటే గానీ, ఇద్దరు ఉద్యోగులతో నడిచే మండలస్థాయి సహకార సంఘం నుంచి ఇంత ఆశించడం న్యాయమా అన్నది మిగిలిన ప్రశ్న. చిన్న సంస్థ తన తప్పేమీ లేకుండానే దెబ్బతినగలదన్నది కూడా నిజం: 2024 జులై చివర సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు, దేశంలో చెల్లింపుల వ్యవస్థను నడిపే జాతీయ సంస్థ ముందుజాగ్రత్తగా దాన్ని వేరుచేయడంతో, దాదాపు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు తాత్కాలికంగా ఆగిపోయాయి. ఆ ఖాతాదారులకు సీ-ఎడ్జ్ అనే పేరు కూడా తెలిసి ఉండదు. ఇల్లడ పుచ్చుకున్నవాడు దాన్ని మరొకరి ఇంట దాచితే బాధ్యత ఎవరిదన్న దానికి ఈ వ్యాసదృష్టిలో సమాధానం ఇది: పుచ్చుకున్నవాడి బాధ్యత తగ్గదు, ఎవరి ఇంట దాచారో వారి బాధ్యత రెట్టింపవుతుంది.

శక్తి తక్కువైన వారి గురించి జైమిని మీమాంసా సూత్రాల ఆరవ అధ్యాయంలో ఒక విచారణ ఉంది. కామ్యకర్మను అన్ని అంగాలతోనూ సంపూర్ణంగా చేయగలిగినవాడే చేయాలి, ఒక అంగం లోపించినా ఫలం రాదు. నిత్యకర్మను మాత్రం శక్తి ఉన్నంత మేరకు, కొన్ని అంగాలు లోపించినా చేయాలి, ప్రధానం మాత్రం విడవకూడదు. లాభం కోసం ఒక కంపెనీ కొత్త యాప్ తెచ్చి జనం వివరాలు పోగుచేయడం కామ్యం లాంటిది. అన్ని రక్షణలతోనూ చేయలేకపోతే ఆ పని చేయకపోవడమే మేలు. సంఘం పద్దు కాపాడటం నిత్యం. అక్కడ ఖరీదైన పరికరాలు, రాత్రింబవళ్లు కాపలా కాసే నిపుణులు అంగాలు, అవి లేకపోయినా దోషం లేదు. వారానికొకసారి తీసి బీరువాలో పెట్టి తాళం వేసే నకలు, మూడు నెలలకొకసారి ఆ నకలును మరో కంప్యూటర్‌లో తెరిచి చూడటం, పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే రెండో సంకేతం కూడా అడిగే ప్రవేశం, కరెంటు పోయినా కంప్యూటర్ పోయినా పని ఆగకుండా చేతిరాత రిజిస్టరు, దాడి జరిగితే మొదట ఎవరికి ఫోన్ చేయాలో గోడ మీద అంటించిన కాగితం, వీటిని విడవడానికి వీల్లేదు. వీటిలో డబ్బు ఎక్కువ అడిగేది ఏదీ లేదు; ఇవన్నీ అడిగేది ఒక మనిషి క్రమం తప్పని సమయం. ఆ సమయాన్ని ఉద్యోగి పనిగంటల్లో లెక్కించి, ఆ పనికి ఒక పేరు రాసి, చేశాడా లేదా అని ప్రతి నెలా అడిగే బాధ్యత జిల్లా సహకార బ్యాంకుది, రాష్ట్ర ప్రభుత్వానిది. 2023లో ఏర్పడిన రాష్ట్ర సైబర్ సెక్యూరిటీ బ్యూరో పరిజ్ఞానమూ, 2008లో బాసరలో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం నుంచి ఏటా వచ్చే యువ ఇంజినీర్లూ ముందుగా చేరవలసింది ఇలాంటి గదులకే.